టూ-ఇన్-వన్ కంప్యూటరు కొనేముందు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పి, పింఛను ఒకరి దయ కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తేల్చింది. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదికమీద ఉన్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన పని చిన్నది. సంఘం నిధితో ఒక కంప్యూటరు కొనాలని గత సమావేశంలో అనుకున్నాం. లాప్‌టాప్ చాలునని కొందరు, టాబ్లెట్ అయితే తేలిక అని కొందరు, రెండూ కలిసిన టూ-ఇన్-వన్ కొందామని కొందరు అన్నారు. విచారించి చెప్పమని నన్ను పురమాయించారు. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఇదే చర్చ నడుస్తున్నదని విన్నాను. కాబట్టి సంఘానికి చెప్పదలచిన మాటలే మీ ఇంటికి కూడా పనికివచ్చేటట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను కంప్యూటరు ఇంజనీరును కాను, గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన విద్య ఒక్కటే. కార్యాలయానికి బీరువా కొన్నా, టైపు మిషను కొన్నా ముందు ఇండెంటు రాయాలి, తరువాత స్పెసిఫికేషను రాయాలి, ఆపైన మూడు కొటేషన్లు తెప్పించి కంపారిటివ్ స్టేట్‌మెంటు గీయాలి. స్పెసిఫికేషను రాయకుండా కొటేషన్లు పిలిస్తే ఏమవుతుందో మీకందరికీ తెలుసు. అమ్మేవాడికి ఏది ఎక్కువ నిలవ ఉన్నదో అదే మనకు అవసరమైనదిగా తేలుతుంది. ఈ రోజు కూడా ఆ వరుసలోనే పోదాం.

ఇంతకూ ఏమిటీ టూ-ఇన్-వన్?

మన తరానికి టూ-ఇన్-వన్ అంటే రేడియో, టేపురికార్డరు కలిసిన పెట్టె. గల్ఫు నుంచి వచ్చినవాళ్ళు తెస్తే వీధివీధంతా వచ్చి చూసేది. అది మంచి సరుకే. అయితే టేపు తిరగడం మానేస్తే, బాగా పాడుతున్న రేడియో కూడా దానితోపాటు రిపేరు షాపుకు పోయేది. ఈ సంగతి ఒక మూల గుర్తుపెట్టుకోండి.

ఇప్పటి టూ-ఇన్-వన్ అంటే కీబోర్డు పెట్టుకొని రాసుకునే లాప్‌టాప్, వేలితో తాకి చదువుకునే పలక, రెండూ ఒకే యంత్రంలో ఉండడం. ఇందులో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. మొదటిది ఊడదీసే రకం. యంత్రమంతా తెర వెనుకనే ఉంటుంది. కీబోర్డు అయస్కాంతంతో అంటుకుంటుంది, కావాలంటే తీసి పక్కన పెట్టవచ్చు. రెండోది తిప్పే రకం. కీబోర్డు ఊడదు, కీలు మాత్రం పూర్తిగా వెనక్కు, 360 డిగ్రీలు తిరుగుతుంది. తెరను వెనక్కు మడిస్తే పలక అవుతుంది, సగంలో ఆపి బోర్లిస్తే డేరా లాగా నిలబడుతుంది.

ఈ ఆలోచన నిన్నటిది కాదు. 2002లోనే మైక్రోసాఫ్ట్ వారు టాబ్లెట్ పీసీ పేరుతో కలంతో రాసే కంప్యూటర్లకు విండోస్ తెచ్చారు. అప్పటి యంత్రాలు బరువు, ధర ఎక్కువ కావడంతో అంతగా ప్రచారంలోకి రాలేదు. 2010లో ఆపిల్ వారి ఐప్యాడ్ వచ్చాక పలకకు గిరాకీ పెరిగింది. 2011లో మన దేశంలో విద్యార్థుల కోసం ఆకాశ్ టాబ్లెట్ విడుదలైంది. 2012 అక్టోబరులో విండోస్ 8తోపాటు మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ వచ్చింది. లెనోవో వారి యోగా కూడా ఆ సంవత్సరమే వచ్చింది. ఊడదీసే రకానికి సర్ఫేస్, తిప్పే రకానికి యోగా దారి చూపాయని చెప్పవచ్చు. తరువాత చాలా పెద్ద కంపెనీలు ఈ రకాలు తయారుచేస్తున్నాయి. 2014 నుంచి మైక్రోసాఫ్ట్‌కు అధిపతిగా ఉన్న సత్య నాదెళ్ళ, మన రాష్ట్ర కేడరులో పనిచేసిన ఐ.ఏ.ఎస్. అధికారి బి.ఎన్. యుగంధర్ గారి కుమారుడని మీకు తెలిసిందే. ఆ అభిమానంతో మాత్రం సరుకు కొనకూడదు.

ముందు ఇండెంటు

కొనాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. సెల్‌ఫోనుతో జరిగే పనికి వేలకువేలు పోసి యంత్రం కొనడం దండుగ.

మనకు ముఖ్యమైన జీవన ప్రమాణ పత్రాన్నే తీసుకోండి. ఇది 2014 నవంబరులో మొదలైంది. మొదట్లో వేలిముద్ర పరికరం కావలసివచ్చేది. వయసు మళ్ళిన వేళ్ళ గీతలు అరిగిపోయి మనవాళ్ళు పడిన అవస్థ నేను వర్ణించనక్కరలేదు. 2021 నవంబరు నుంచి ముఖం చూపి పత్రం ఇచ్చే సదుపాయం వచ్చింది. మామూలు ఆండ్రాయిడ్ ఫోనులో జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్.డి. యాప్ ఉంటే ఇంట్లో కూర్చొనే పని ముగుస్తుంది. విండోస్ కంప్యూటరులో ఇదే పని చేయాలంటే వేలిముద్ర పరికరం విడిగా కొని తగిలించాలి. అంటే మనలో చాలామంది ఏ పనికోసం కంప్యూటరు కావాలనుకుంటున్నారో, ఆ పనికి చేతిలోని ఫోనే మెరుగు. కరెంటు బిల్లు, బస్సు టికెట్టు, 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో ప్రారంభించిన మన మిత్ర సేవలు, ఇవన్నీ కూడా ఫోనులో జరిగేవే.

మరి ఫోనుతో జరగనివి ఏమిటి? నాకు తోచినవి చెబుతాను. మొదటిది, రెండు పేజీలకు మించిన రాతపని. అర్జీ, అప్పీలు, సంఘం మినిట్సు, ఈ పత్రిక వ్యాసాలు. రెండోది, గళ్ళ పట్టికలు. కరవు భృతి బకాయి లెక్క ఫోను తెరమీద వేస్తే ఒక గడి కనిపిస్తే ఇంకో గడి మాయమవుతుంది. మూడోది, ఆదాయపు పన్ను రిటర్ను, వైద్యఖర్చుల రీయింబర్సుమెంటు వంటి పనులు. పదిహేను బిల్లులు వరుసలో పెట్టి ఒకే పి.డి.ఎఫ్. చేయాలి. నాలుగోది, చదువు. తిరుమల తిరుపతి దేవస్థానంవారు తమ గ్రంథాలెన్నిటినో ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవడానికి ఉంచారు. శుక్లాల ఆపరేషను అయిన కళ్ళకు అక్షరం పెద్దది చేసుకొని చదవడం ఒక భాగ్యం.

ఈ నాలుగింటిలో మొదటి మూడూ లాప్‌టాప్ పనులు. నాలుగోది పలక పని. మీ ఇంట్లో ఏది ఎక్కువో ఒక వారం రోజులు కాగితంమీద రాసి చూడండి. మొదటి మూడే ఎక్కువైతే మామూలు లాప్‌టాప్ కొనండి, అదే డబ్బుకు మంచి సరుకు వస్తుంది. నాలుగోది మాత్రమే అయితే మామూలు టాబ్లెట్ చాలు. రెండూ సమంగా ఉంటేనే టూ-ఇన్-వన్ గురించి ఆలోచించాలి. లేకపోతే రెంటికి చెడ్డ రేవడి అవుతాం.

ఇప్పుడు స్పెసిఫికేషను

ఒక్కొక్క కాలమ్‌గా చెబుతాను. ధరలు మాత్రం నేను చెప్పను. అవి నెలనెలా మారుతున్నాయి. 2025 చివర నుంచి మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగి, ఆ భారం కంప్యూటర్లమీద కూడా పడుతున్నది.

బరువు: తిప్పే రకంలో 14 అంగుళాల యంత్రం సుమారు కిలోన్నర ఉంటుంది. మడిచి పలక చేసినా బరువు తగ్గదు, కీబోర్డు కూడా చేతిలోనే ఉంటుంది. కిలోన్నర బియ్యం సంచిని ఒక చేత్తో పట్టుకొని అరగంట పేపరు చదవగలరా? బల్లమీదో ఒడిలోనో పెట్టుకొని చదవాల్సిందే. ఊడదీసే విండోస్ రకంలో తెర ఒక్కటే ముప్పాతిక కిలో నుంచి కిలో లోపు ఉంటుంది. పదకొండు అంగుళాల ఆండ్రాయిడ్ పలక అర్ధకిలోకు అటూ ఇటూ. పడుకొని చదివే అలవాటున్నవారు ఈ అంకెలు మరువకూడదు.

తెర: మనం చదివే కాగితాలు ఎక్కువగా ఏ-4 సైజువి. ఆ కాగితం మూల నుంచి మూలకు కొలిస్తే 14 అంగుళాల పైచిలుకు. 14 అంగుళాల తెర 16:10 నిష్పత్తిలో ఉంటే, నిలువుగా పట్టుకున్నప్పుడు జి.ఓ. కాగితం అసలు సైజులో తొంభై శాతం కనిపిస్తుంది. అదే నిష్పత్తిలో 11 అంగుళాల తెరమీద డెబ్భై శాతమే. పదకొండు అంగుళాల పలకమీద జి.ఓ. చదివేటప్పుడు కళ్ళు ఎందుకు లాగుతాయో ఇప్పుడు తెలిసింది కదా. ఇంకొక మాట. తాకే తెరలు ఎక్కువగా అద్దంలా మెరుస్తాయి. ట్యూబులైటు నీడ అందులో పడుతుంది. షాపులో లైటు కింద నిలబడి చూడండి.

కీబోర్డు: మనలో చాలామంది టైపు లోయరు, హయ్యరు పాసైనవాళ్ళం. మీట దిగిన సంగతి వేలికి తెలియాలి. తిప్పే రకంలో మామూలు లాప్‌టాప్ కీబోర్డే ఉంటుంది, ఒడిలో పెట్టుకున్నా కదలదు. ఊడదీసే రకంలో కీబోర్డు పలుచని అట్ట లాగా ఉంటుంది. తెర వెనుక కాలు చాపి నిలబడాలి గనుక బల్లమీద ఎక్కువ చోటు కావాలి. ఒడిలో పెట్టుకుంటే ఊగుతుంది. తిప్పే రకాన్ని పలకగా మడిచినప్పుడు వెనుకనున్న మీటలు వేళ్ళకు తగులుతాయి. అవి అప్పుడు పనిచేయకుండా యంత్రమే ఆపేస్తుంది. కంగారుపడనక్కరలేదు.

చేతులు: ఈ సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు. వయసులో చర్మం పొడిబారితే తాకే తెర కొన్నిసార్లు వేలిని గుర్తించదు. చేయి వణికేవారికి తెరమీద చిన్న గుర్తును తాకడం కష్టం. ఒకటి నొక్కబోతే పక్కది తెరుచుకుంటుంది. అటువంటివారికి మామూలు మౌసే నయం. కీళ్ళవాతం ఉన్నవారికి ఇందుకు విరుద్ధం. మీటలు కొట్టడంకంటే వేలితో తాకడం, ఆండ్రాయిడ్‌లో నోటితో తెలుగు చెప్పి రాయించడం సులభం. కాబట్టి భార్యాభర్తలు ఇద్దరూ వాడే యంత్రమైతే ఇద్దరూ షాపుకు వెళ్ళాలి. ఒకరి చేతికి సరిపోయినది ఇంకొకరి చేతికి సరిపోకపోవచ్చు.

తెలుగు: విండోస్‌లో ఇన్‌స్క్రిప్టు కీబోర్డు చాలాకాలంగా ఉన్నది. 2019 నుంచి ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా అందులోనే చేర్చారు. డబ్బు పెట్టి వేరే కొనవలసిన పనిలేదు. అయితే మన పత్రిక పాత సంచికలు అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫైళ్ళు ఆండ్రాయిడ్ పలకమీద తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. పాత ఫైళ్ళతో పని ఉన్నవారికి విండోసే గతి.

ప్రాసెసరు, మెమరీ: ర్యామ్ 8 జి.బి.కి తగ్గకూడదు, 16 అయితే ఐదారేళ్ళు నిశ్చింత. విండోస్ 11 పనిచేయడానికి 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. నిలవ చాలునని నిబంధన. నిబంధనకు సరిపోయేది వేరు, పని జరిగేది వేరు. చవకరకాల్లో ఇ.ఎం.ఎం.సి. అనే నెమ్మది నిలవ పెడతారు. ఎస్.ఎస్.డి. 256 జి.బి. ఉన్నదా అని అడగండి. ఈ రకం యంత్రాలలో చాలావాటికి ర్యామ్ అతికించేసి ఉంటుంది, తరువాత పెంచుకోవడం కుదరదు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసరు ఉన్న విండోస్ యంత్రాలకు బ్యాటరీ బాగా నిలుస్తుంది. కానీ మీ పాత ప్రింటరు, వేలిముద్ర పరికరం దానితో పనిచేస్తాయో లేదో ముందే కనుక్కోవాలి. వాటికి తగిన డ్రైవరు లేకపోతే అవి మూలన పడతాయి.

పాత సరుకు: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చెన్నై రిచ్చీ స్ట్రీటులోనో, బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనో సగం ధరకు పాత టూ-ఇన్-వన్ వస్తుందని పిల్లలు చెబుతారు. అది విండోస్ 11కు అర్హమైనదేనా అని అడగండి. ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం, ఆపైన కావాలి. కాకపోతే పింఛను ఖాతా చూసుకునే యంత్రానికి తాళం లేని తలుపు పెట్టినట్టే.

సర్వీసు: ఇది అన్నిటికంటే ముఖ్యం. టూ-ఇన్-వన్‌లో తెర, తాకే అద్దం ఒకటిగా అతికి ఉంటాయి. పగిలితే మొత్తం మార్చాలి. బ్యాటరీ మనం తీసి మార్చుకునేది కాదు. ఊడదీసే రకాన్ని విప్పడం మరీ కష్టం. అందుకే రేడియో, టేపురికార్డరు సంగతి గుర్తుంచుకోమన్నాను. ఒకటి చెడితే రెండూ పోతాయి. 2015లోనే మన శ్రీసిటీలో సెల్‌ఫోన్ల తయారీ మొదలైంది. శ్రీపెరుంబుదూరులో లాప్‌టాపులు తయారవుతున్నాయి. తయారీ దగ్గరలో ఉన్నంతమాత్రాన రిపేరు దగ్గరలో ఉండదు. మీ ఊరి పిన్‌కోడు చెప్పి, మనిషి ఇంటికి వచ్చి బాగుచేస్తాడా, లేక మనమే తిరుపతికో, వేలూరుకో, చెన్నైకో మోసుకుపోవాలా అని అడగండి. జవాబు వారంటీ కాగితంమీద చూపించమనండి. కింద పడితే పగిలినదానికి వర్తించే వారంటీ వేరే ఉంటుంది. చేతులు వణికే ఇంట్లో అది తీసుకోవడం మంచిది.

మొత్తం ధర: కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అని సామెత. ఊడదీసే రకాల్లో చాలావాటికి ప్రకటనలోని ధర తెరకు మాత్రమే. కీబోర్డు వేరు, కలం వేరు. పక్కన రంధ్రాలు ఒకటో రెండో ఉంటాయి, అవి కూడా కొత్తరకం సి-టైపువి. పెన్‌డ్రైవు, ప్రింటరు తగిలించడానికి ఇంకో చిన్న పరికరం కొనాలి. ఆఫీసు సాఫ్ట్‌వేరు శాశ్వతమా, సంవత్సరానికా అన్నది చూడాలి. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీసు మన పనులకు చాలు. కాబట్టి కొటేషను అడిగేటప్పుడు యంత్రం, కీబోర్డు, కలం, సంచి, అదనపు వారంటీ అన్నీ కలిపి, 18 శాతం జి.ఎస్.టి.తో ఒకే అంకె అడగండి. అప్పుడే పోలిక న్యాయంగా ఉంటుంది.

షాపులో అరగంట

కాగితంమీద పోలిక ముగిశాక చేతితో పోలిక మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో చూసి ఆర్డరు పెట్టే పిల్లలకు ఈ మాట రుచించదు. అయినా తిరుపతిలో షాపులున్నాయి, చిత్తూరులో ఉన్నాయి. తెరిచి పెట్టిన యంత్రాన్ని ముట్టుకోవడానికి డబ్బు అడగరు.

వెళ్ళేటప్పుడు చదివే కళ్ళజోడు తీసుకుపోండి. ఫోనులో ఒక జి.ఓ. పి.డి.ఎఫ్. ఉంచుకోండి. నిలబడి కాదు, కుర్చీ అడిగి కూర్చొని ఐదు పనులు చేయండి. ఒకటి, జి.ఓ. తెరిపించి కళ్ళు చిట్లించకుండా చదవగలరా చూడండి. విండోస్ సెట్టింగులలో అక్షరాలను 225 శాతం దాకా పెంచుకోవచ్చు, పెంచి చూపించమనండి. రెండు, తెలుగులో పది వాక్యాలు కొట్టండి. మూడు, పలకగా మార్చి మళ్ళీ లాప్‌టాప్ చేయండి, ఎవరి సాయమూ లేకుండా మూడుసార్లు. కీలు బిగుతుగా ఉండి రెండు చేతులూ చాలకపోతే, అయస్కాంతం ఊడదీయలేకపోతే, ఇంటికి వెళ్ళాక మీరు ఆ పని ఎప్పటికీ చేయరు. నాలుగు, తెరమీద మీ సంతకం పెట్టండి. ఐదు, యంత్రాన్ని చేతిలో పట్టుకొని పది నిమిషాలు ఉంచండి. షాపు కుర్రవాడు తొందరపెడితే ఇంకో షాపుకు వెళ్ళండి.

ఒక అభ్యంతరం

నాతో ఏకీభవించని మిత్రుడొకరు ఇలా అన్నారు: "అయ్యా, టూ-ఇన్-వన్ డబ్బుతో ఒక మామూలు లాప్‌టాప్, ఒక మామూలు టాబ్లెట్ రెండూ వస్తాయి కదా. ఒకటి చెడినా ఇంకొకటి ఉంటుంది. మీ కంపారిటివ్ స్టేట్‌మెంటులో ఈ నాలుగో కాలమ్ ఏదీ?"

ఇది సరైన మాట. ఇల్లు కదలని దంపతులకు, ఒకరు రాస్తూ ఇంకొకరు చదువుకునే ఇంటికి, నేనుకూడా ఇదే సిఫారసు చేస్తాను. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు టాబ్‌లు ఇచ్చారు. అటువంటిది ఇంట్లో ఉంటే పలక ఎంతవరకు పనికివస్తుందో కొనకుండానే చూసుకోవచ్చు. వ్యక్తులుగా మనలో ఎక్కువమందికి టూ-ఇన్-వన్ అవసరం లేదని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

సంఘానికి మాత్రం ఎందుకు కావాలి?

అయినా సంఘానికి తిప్పే రకమే కొనాలని నేను సిఫారసు చేస్తున్నాను. కారణం నోటు ఫైలులో రాసినట్టు రాసి ఇచ్చాను, మీకు కూడా చెబుతాను.

మన సంఘం దగ్గరకు వచ్చే అర్జీలలో ఎక్కువ బాధ కలిగించేవి కుటుంబ పింఛనువి. మన సహోద్యోగి కాలం చేస్తాడు. ఆయన భార్య, ఏనాడూ ఆఫీసు గడప తొక్కని మనిషి, మరణ ధ్రువపత్రం, పి.పి.ఓ. నకలు, బ్యాంకు పాసుబుక్కు సంచిలో వేసుకొని తిరుగుతుంది. రెండేళ్ళ కిందట ఒక సోదరి విషయంలో ఇలాగే జరిగింది. ఎవరో అర్జీ టైపు చేసి ఇచ్చారు, ఆమె చూపించినచోట సంతకం పెట్టింది. పేరులో ఒక అక్షరం ఆధార్‌లో ఒకలా, అర్జీలో ఒకలా పడింది. ఆ ఒక్క అక్షరం సరిచేసుకోవడానికి నెలలు పట్టింది. అన్ని నెలలూ ఆమె కూతురి ఇంట్లో ఉండి, మందులకు కూడా చేయి చాచవలసి వచ్చింది. ఆమెకు చదవడం రాక కాదు. ఏడో తరగతి చదివింది, వారపత్రికలు చదువుతుంది. ఆ అర్జీని ఎవరూ ఆమెవైపు తిప్పి చూపించలేదు, అంతే.

ఆలోచించండి. కార్యాలయాలలో కాగితం ఎప్పుడూ గుమాస్తావైపే తిరిగి ఉండేది. అర్జీదారుకు అది తలకిందులుగా కనిపించేది. 2011 నవంబరులో మీసేవ మన చిత్తూరు జిల్లాలోనే మొదలై, ఎన్నో తిప్పటలు తప్పించింది. మంచి పనే. కానీ ఏ కేంద్రానికి వెళ్ళినా కంప్యూటరు తెర సాధారణంగా ఆపరేటరువైపే ఉంటుంది. ఎవరి జీవితం గురించి రాస్తున్నారో వారికి మాత్రం తెర వీపు కనిపిస్తుంది.

తిప్పే రకం యంత్రం కొంటే మన కార్యకర్త దానిని సంచిలో వేసుకొని ఆమె ఇంటికే పోవచ్చు. అర్జీ అక్కడే కొట్టి, కీలు తిప్పి తెరను ఆమె ముందు పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి, "చదువుకోమ్మా, నీ పేరు సరిగ్గా ఉన్నదా చూడు" అనవచ్చు. ఆమె వేలు పెట్టి చదువుతుంది. తప్పుంటే అక్కడే దిద్దుతాం. ఆ తరువాతే ప్రింటు, ఆ తరువాతే సంతకం. మామూలు లాప్‌టాప్‌ను కూడా ఆమెవైపు తిప్పవచ్చు కదా అంటారు. తిప్పవచ్చు. కానీ కీబోర్డు ఆమె ముందుకు వస్తుంది. అలవాటు లేని మనిషి ఏదైనా నొక్కుతానేమోనని చేయి వెనక్కు తీసుకుంటుంది. డేరాలా నిలబెడితే ఆమె ముందు చదవవలసిన కాగితం ఒక్కటే ఉంటుంది. ఊడదీసే రకం కూడా ఈ పని చేస్తుంది, ఇంకా తేలిక కూడా. అయితే రాతపని మనకు ఎక్కువ. పల్లెల్లో మంచంమీద, అరుగుమీద కూర్చొని కొట్టాలి. బల్ల లేనిచోట ఆ కీబోర్డు నిలవదు. ఈ రకంలో వెనుక కెమెరా సాధారణంగా ఉండదు, కాగితాలు ఫోనుతోనే ఫొటో తీసుకుందాం. ఇన్ని చూసి తిప్పే రకం, 14 అంగుళాలు, 16 జి.బి. ర్యామ్, ఇంటికి వచ్చి బాగుచేసే మూడేళ్ళ వారంటీ అని స్పెసిఫికేషను రాశాను.

ధర విషయంలో ఒక్క మాట. స్పెసిఫికేషనుకు సరిపోయినవాటిలో తక్కువ కొటేషనే తీసుకుందాం. సరిపోనిది ఎంత చవకైనా వద్దు. ఇది సభ్యుల చందా డబ్బు. రేపు ఆడిట్‌లో ఎవరైనా అడిగితే ప్రతి కాలమ్‌కూ జవాబు ఉండాలి.

కొన్న తరువాత

యంత్రం ఏదైనా కొన్ని కట్టుబాట్లు పెట్టుకుందాం. సంఘం యంత్రంలో ఏ సభ్యుడి బ్యాంకు పాస్‌వర్డూ దాచకూడదు. పని కాగానే లాగౌటు చేయాలి, అర్జీదారు కళ్ళముందే చేయాలి. ఓ.టి.పి. ఎవరూ ఎవరికీ, మనలో మనం కూడా చెప్పుకోకూడదు. ఇంట్లో కొన్నవారు పాస్‌వర్డు తామే పెట్టుకోవాలి. మనవడు యంత్రం నేర్పించవచ్చు. పింఛను ఖాతా తాళంచెవి మాత్రం మన మొలతాడుకే ఉండాలి. మన తరువాత భార్యకో భర్తకో అది ఎక్కడున్నదో తెలిసి ఉండాలి. డైరీలో రాసి బీరువాలో పెట్టడం పాత పద్ధతే అయినా మంచి పద్ధతి.

స్టాకు రిజిస్టరులో యంత్రం నంబరు, కొన్న తేదీ, వారంటీ ముగిసే తేదీ ఎక్కించాలి. ఎవరి ఇంటికి తీసుకుపోయినా సంతకం చేసి తీసుకుపోవాలి. నేర్చుకోవాలనే ఆసక్తి ఉన్నవారు, ముఖ్యంగా కుటుంబ పింఛను తీసుకునే సోదరీమణులు, ఇద్దరు ముగ్గురు ముందుకు వస్తే బాగుంటుంది. తమ అర్జీ తామే రాసుకోగలవారు పదిమంది తయారైతే, ఈ యంత్రానికి పెట్టిన డబ్బు వడ్డీతో సహా తిరిగివచ్చినట్టే.

కంపారిటివ్ స్టేట్‌మెంటు కాపీలు కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి. అందులో ధరల గడులు ఖాళీగా ఉంచాను. మీరు ఏ షాపులో అడిగినా ఆ గడులు నింపి తెచ్చి ఇవ్వండి. వచ్చే కార్యవర్గ సమావేశంలో అందరి ముందూ తెరిచి చూద్దాం.